గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్ర వెనుక భీమవరం బిడ్డ.. అన్నదమ్ముల్ని మింగిన రోగానికే మందు కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ ఇదీ!

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో ఏ ఊరికెళ్లినా గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఓ ఎర్ర మాత్ర ఇస్తారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర అది. అదే టౌన్‌లో మెడికల్ షాపుకు వచ్చే కీళ్లవాతం పేషెంట్ల చీటీలో తరచూ కనిపించే మందు మెథోట్రెక్సేట్. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు హైదరాబాద్ ఆస్పత్రుల్లో ఇచ్చే మందుల్లోనూ అది ఉంటుంది. బోదకాలు రాకుండా ప్రభుత్వం ఊరూరా మింగించే మాత్ర డీఈసీ.

ఈ మూడు మందులకూ ఓ లింక్ ఉంది. మూడూ ఒకే ల్యాబ్ నుంచి బయటికొచ్చాయి. ఆ ల్యాబ్‌ను నడిపించింది ఓ తెలుగాయన. మెట్రిక్యులేషన్ రెండుసార్లు ఫెయిలైన కుర్రాడు. ఎంబీబీఎస్ పట్టా దక్కని డాక్టర్. అమెరికా ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేసిన మనిషి. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ల్యాబ్‌లో కనిపెట్టింది పేషెంట్ మంచం దాకా రావాలంటే ఎన్ని దేశాలు, ఎంతమంది చేతులు కలపాలో తెలియాలంటే ఆయన జీవితం తెలుసుకోవాల్సిందే.

కాశీకి పారిపోదామనుకున్న పిల్లాడు

1895 జనవరి 12. ఇప్పటి పశ్చిమగోదావరి జిల్లా భీమవరం. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. జగన్నాథం, వెంకమ్మ దంపతులకు పుట్టిన ఏడుగురు పిల్లల్లో సుబ్బారావు ఒకరు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ముందుగానే ఉద్యోగం మానేశారు. ఇంట్లో పూట గడవడమే కష్టం.

సుబ్బారావుకు చదువు మీద ధ్యాస ఉండేది కాదు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి, యాత్రికులకు పళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. మధ్యలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి వెంకమ్మ మాత్రం పట్టు వదల్లేదు. కొడుకు చదవాల్సిందేనని కూర్చుంది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కాడు.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. అక్కడే మనసు ఆధ్యాత్మికం వైపు మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నాడు. తల్లి అనుమతి ఉండాలన్నారు. వెంకమ్మ ససేమిరా అంది. దాంతో డాక్టర్ చదివి నలుగురికి సేవ చేద్దామని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు.

ఖద్దరు కోటు తెచ్చిన తంటా

అవి గాంధీజీ పిలుపుతో విదేశీ వస్త్రాలను జనం వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లో కూడా ఖద్దరు కోటే వేసుకునేవాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే కింది స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్.

ఆ ఒక్క తేడా ఆయన దారినే మార్చేసింది. మద్రాసు మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగానికి ప్రయత్నిస్తే రాలేదు. చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పే పనిలో చేరాడు.

ఇంట్లో వరుస చావులు

అప్పటికే ఆ ఇంటిపై పెద్ద దెబ్బ పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి రోజుల తేడాలో చనిపోయారు. కారణం ట్రాపికల్ స్ప్రూ అనే రోగం.

ఈ రోగం వస్తే పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నోరు, నాలుక పూసిపోతాయి. మనిషి చిక్కి శల్యమైపోతాడు. రక్తం తగ్గిపోతుంది. ఎందుకొస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు, కాబట్టి మందూ లేదు.

కొంతకాలానికి సుబ్బారావుకూ అదే రోగం అంటుకుంది. లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డాడు. కానీ ఓ ప్రశ్న ఆయన్ను వదల్లేదు. ఒక ఇంట్లో ఇద్దరు కుర్రాళ్లు కళ్లముందే కరిగిపోతుంటే డాక్టర్ చదివినవాడు చూస్తూ ఊరుకోవాల్సిందేనా?

జవాబు వెతకాలంటే పరిశోధన చేయాలి. దానికి అమెరికా వెళ్లాలి. డబ్బెక్కడిది? 1919లో శేషగిరితో పెళ్లయింది. మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా చేయందించింది. అలా ఓడెక్కాడు.

పగలు చదువు.. రాత్రి ఆస్పత్రిలో పోర్టర్

1923 అక్టోబర్ 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. హార్వర్డ్‌లోని ట్రాపికల్ మెడిసిన్ స్కూల్‌లో చేరాడు. ఇండియా డిగ్రీతో అక్కడ డాక్టర్‌గా ప్రాక్టీస్ చేసే వీల్లేదు. తెచ్చుకున్న డబ్బు ఎన్నాళ్లు వస్తుంది? పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి పోర్టర్‌గా చేరాడు. పేషెంట్ల మలమూత్రాల పాత్రలు కడిగాడు. తెల్లారితే మళ్లీ క్లాసు.

ఆ టైమ్‌లో అమెరికాలో ఇండియన్ల పరిస్థితి ఏంటో కూడా తెలియాలి. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇండియన్లకు పౌరసత్వం తీసుకునే అర్హత లేదని తేల్చేసింది. అంటే సుబ్బారావు అడుగుపెట్టింది ఎన్నాళ్లున్నా సొంతం కాని దేశంలో.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే ల్యాబ్‌లో చేరాడు. ఆయన పేరు సైన్స్ పుస్తకాల్లోకి ఎక్కింది ఇక్కడి నుంచే.

నీలి రంగుతో మొదలైన పేరు

1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. శాంపిల్‌లో మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం వేస్తే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత ముదురుగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. సింపుల్‌గా ఉంది కదా? దశాబ్దాలు గడిచినా ఫిస్కే-సుబ్బారావు మెథడ్ పేరుతో బయోకెమిస్ట్రీ స్టూడెంట్లు ఇప్పటికీ నేర్చుకుంటున్నారు.

ఆ పద్ధతి చేతిలో ఉండటంతో కండరంలో దాగిన ఫాస్ఫరస్‌ను పట్టుకోగలిగారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసేటప్పుడు ఇది కరిగిపోతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ తయారవుతుంది. కండరానికి శక్తినిచ్చేది లాక్టిక్ యాసిడ్ అని అప్పటిదాకా అనుకునేవాళ్లు. ఆ లెక్క మారిపోయింది. 1929లో ఏటీపీ. మన ఒంట్లోని ప్రతి కణం శక్తి కోసం వాడుకునే పదార్థం ఇది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దీన్ని కనిపెట్టాడు.

1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్ట్ మాత్రం రాలేదు. ఫిస్కే సుబ్బారావు చేసిన పనిని కొంత బయటికి రానివ్వలేదని, ఆ పదార్థాల్లో కొన్నింటిని వేరేవాళ్లు ఏళ్ల తర్వాత మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని అదే ల్యాబ్‌లో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ తర్వాతి రోజుల్లో చెప్పాడు. ఈ హిచింగ్స్ ఎవరో కాదు, 1988లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త.

హార్వర్డ్ వదిలి కంపెనీలోకి

1940లో సుబ్బారావు హార్వర్డ్‌కు గుడ్‌బై చెప్పేశారు. న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీలో చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. చేతి కింద పెద్ద టీమ్. కెమిస్టులు, సూక్ష్మజీవుల నిపుణులు, జంతువుల మీద మందులు పరీక్షించేవాళ్లు అందరూ ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యం, కనిపెట్టినదాన్ని టన్నుల్లో తయారుచేసే ఫ్యాక్టరీ పక్కనే ఉంది.

అప్పుడు తన పాత ప్రశ్న దగ్గరకు వెళ్లారు. స్ప్రూలో, గర్భిణుల్లో వచ్చే ఆ రకం రక్తహీనతకు కారణమేంటి?

బొంబాయిలో దొరికిన మొదటి క్లూ

ఈ కథలో మొదటి క్లూ దొరికింది ఇండియాలోనే. లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టర్ 1928లో బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్లకు ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం పెడితే రక్తం మళ్లీ పడుతోందని ఆమె గమనించారు. 1931లో ఆ విషయం ప్రచురించారు. కానీ ఈస్ట్‌లో పనిచేస్తున్నది ఏంటన్నది మాత్రం తెలియలేదు.

1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థం వేరుచేశారు. ఆకులో దొరికింది కాబట్టి లాటిన్‌లో ఆకు అనే మాట మీద ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. పేరైతే వచ్చింది. మందు రాలేదు. టన్నుల ఆకుకూర నుంచి చిటికెడు వస్తే ఎంతమందికి సరిపోతుంది?

ఇక్కడే సుబ్బారావు టీమ్ గెలిచింది. రాబర్ట్ యాంగియర్, స్టోక్‌స్టాడ్, హచింగ్స్ లాంటి వాళ్లంతా కలిసి ఫోలిక్ యాసిడ్ నిర్మాణం తేల్చి, 1945లో ల్యాబ్‌లోనే తయారుచేసి చూపించారు. ఇక ఆకులతో, లివర్‌తో పనిలేదు. ఎంత కావాలంటే అంత చేసుకోవచ్చు.

వెంటనే పేషెంట్ల దగ్గరకు తీసుకెళ్లారు. అమెరికా డాక్టర్ టామ్ స్పీస్, క్యూబా డాక్టర్లతో కలిసి స్ప్రూ పేషెంట్లకు ఇచ్చి చూశాడు. ప్యూర్టోరికోలోనూ ఇచ్చారు. మంచం పట్టినవాళ్లు రోజుల్లోనే తేరుకున్నారు. నాలుక పుండ్లు మానాయి. ఆకలి పుట్టింది. రక్తం పడింది. పురుషోత్తం, కృష్ణమూర్తి చనిపోయి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది.

ఇంతకీ ఫోలిక్ యాసిడ్ ఏం చేస్తుంది?

మన ఎముకల్లోని మూలుగలో సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలు పుడుతుంటాయి. ఒక్కో కణం బతికేది సుమారు 120 రోజులే. అంటే ఒళ్లు తనను తాను నిరంతరం కొత్తగా కట్టుకుంటూనే ఉంటుంది. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ కాపీ కావాలి. ఆ కాపీకి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. అది లేకపోతే మూలుగలో పని ఆగిపోతుంది.

కడుపులో బిడ్డ విషయంలోనూ అంతే. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం దాల్చిన మొదటి నాలుగు వారాల్లోనే మూసుకోవాలి. 7 దేశాల్లోని 33 సెంటర్లలో జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 1991లో వచ్చాయి. అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డను కన్న తల్లులకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ అలాంటి లోపం వచ్చే ముప్పు 72 శాతం తగ్గిందని తేలింది. అందుకే పిల్లల కోసం ప్లాన్ చేసుకునేటప్పుడే ఈ మాత్ర మొదలుపెట్టమని డాక్టర్లు చెబుతారు.

అయితే ఇది అన్ని రక్తహీనతలకూ మందు కాదు. బీ12 లోపం ఉన్నవాళ్లకు ఒక్క ఫోలిక్ యాసిడే ఇస్తే రక్తం పెరిగినట్టు కనిపిస్తుంది కానీ, నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. ఈ సంగతి కూడా పేషెంట్లకు వాడి చూశాకే బయటపడింది.

మందు వికటించిన చోట మరో మందు

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ఉండేవాడు. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో చనిపోతుంటే చూస్తూ ఉండలేకపోయాడు. లెడర్లీ నుంచి ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు తెప్పించి వాళ్లకు ఇచ్చాడు. ఫలితం తలకిందులైంది. క్యాన్సర్ తగ్గకపోగా జోరందుకుంది.

అది చేదు అనుభవమే. కానీ అందులోనే ఓ ఆలోచన దాగుంది. ఫోలిక్ యాసిడ్ ఇస్తే క్యాన్సర్ కణం పెరుగుతోందంటే, దాన్ని అందకుండా చేస్తే చచ్చిపోవాలి కదా? అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి, కణాన్ని మోసంచేసే నకిలీ పదార్థం కావాలి. తాళంలో ఇరుక్కుపోయే దొంగతాళంచెవి లాంటిది.

సుబ్బారావు టీమ్ దగ్గర అలాంటివి తయారవుతున్నాయి. డోరిస్ సీగర్ అనే మహిళా కెమిస్ట్, ఆమె సహచరులు కలిసి అమినోప్టెరిన్ తయారుచేశారు. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 1948 జూన్ 3న ఫలితాలు ప్రచురించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. మంచం మీదున్న పిల్లలు లేచి ఆడుకున్నారు. అది తాత్కాలికమే. రోగం మళ్లీ తిరగబెట్టింది. అయినా పిల్లల బ్లడ్ క్యాన్సర్ మందుకు లొంగడం అదే మొదలు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మందే ఇప్పుడు మనం వాడుతున్న మెథోట్రెక్సేట్.

బోదకాలుకు మాత్ర.. మట్టిలోంచి యాంటీబయాటిక్

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పోరాడిన అమెరికా సైనికుల్లో చాలామందికి ఫైలేరియా సోకింది. గోదావరి జిల్లాల్లో పెరిగిన సుబ్బారావుకు ఆ రోగం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన టీమ్ ఎలుకల మీద వందల పదార్థాలు పరీక్షించింది. చివరికి డైఇథైల్ కార్బమజైన్ దొరికింది. హెట్రజాన్ పేరుతో బయటికొచ్చిన ఈ మందు మనుషుల మీద పనిచేస్తుందని 1947లో ప్యూర్టోరికోలో తేలింది. మన ప్రభుత్వాలు ఊరూరా పంచే డీఈసీ మాత్ర ఇదే. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లు మాత్రం దీన్ని వేసుకోకూడదు.

ఇంకో పనీ సాగింది. రిటైరైన వృక్షశాస్త్ర ప్రొఫెసర్ బెంజమిన్ డగ్గర్‌ను సుబ్బారావు ల్యాబ్‌లో పెట్టుకున్నారు. డగ్గర్ వయసు అప్పటికే 70 దాటింది. రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి పరీక్షించడమే ఆయన పని. మిస్సోరీ యూనివర్సిటీ పొలం మట్టిలో ఓ సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్. 1948 జూలైలో దీన్ని ప్రపంచానికి చూపించారు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం వాడిందీ ఈ కుటుంబం మందులే.

53 ఏళ్లకే.. నిద్రలోనే

1948 ఆగస్టు 8 రాత్రి నిద్రలోనే గుండెపోటుతో సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే. ఫార్బర్ ఫలితాలు వచ్చి రెండు నెలలే అయింది. ఆరియోమైసిన్ బయటికొచ్చి నెల కూడా కాలేదు.

1923లో ఓడెక్కిన మనిషి మళ్లీ భారత గడ్డ మీద కాలు పెట్టలేదు. భార్య శేషగిరిని మళ్లీ చూడలేదు. ఆ దంపతులకు పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. 1946లో అమెరికా చట్టం మారి ఇండియన్లకు పౌరసత్వం తీసుకునే దారి తెరుచుకున్నా ఆయన తీసుకోలేదు. పరిశోధన గొప్పదే. కానీ దాని ఖరీదులో సగం భీమవరం వైపున్న ఓ ఇల్లు కట్టిందన్నది మర్చిపోకూడదు.

పోయాక కూడా పనిచేస్తున్న మందులు

1956లో అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో చైనా నుంచి వచ్చిన మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ కలిసి మెథోట్రెక్సేట్‌తో కోరియోకార్సినోమాను నయం చేశారు. గర్భంలోని మాయలో పుట్టే క్యాన్సర్ ఇది. గడ్డ కట్టే క్యాన్సర్ ఒక్క మందుతోనే నయం కావడం అదే మొదటిసారి. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం విషయానికొస్తే, సంపన్న దేశాల్లో ఇప్పుడు 10 మందిలో దాదాపు 9 మంది బతుకుతున్నారు. వాళ్లకిచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు రీజనరేటివ్ మెడిసిన్, స్టెమ్ సెల్స్ అనే మాటలు అందరి నోటా వినిపిస్తున్నాయి. దెబ్బతిన్న భాగాన్ని ఒంటితోనే మళ్లీ కట్టించడం అన్నమాట. ఈ దారిలో ఆస్పత్రిలో మామూలు చికిత్సగా మారిన మొదటిది ఎముక మూలుగ మార్పిడి. దాత నుంచి తీసుకున్న మూలకణాలు పేషెంట్ ఎముకల్లో కుదురుకుని కొత్త రక్తం తయారుచేస్తాయి. కానీ ఓ ప్రమాదం ఉంది. దాత కణాలు పేషెంట్ శరీరాన్నే పరాయిదనుకుని దాడి చేస్తాయి. దాన్ని అడ్డుకోవడానికి డొనాల్ థామస్ వాడిన మందు మెథోట్రెక్సేటే. థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది. హైదరాబాద్ ఆస్పత్రుల్లోనూ ఇలాంటి మార్పిళ్లు జరుగుతున్నాయి.

ఇక్కడో హెచ్చరిక. స్టెమ్ సెల్స్‌తో మోకాళ్ల నుంచి పక్షవాతం దాకా అన్నీ నయం చేస్తామనే ప్రకటనలు మీ ఫోన్లో కనిపించే ఉంటాయి. 2017లో ఐసీఎంఆర్ ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం చికిత్సగా ఒప్పుకున్నది రక్త సంబంధ రోగాలకు చేసే మూలకణాల మార్పిడినే. మిగతావి పరీక్ష దశలో ఉన్నవి. పరీక్షలో ఉన్నదానికి పేషెంట్ దగ్గర లక్షలు గుంజడం వైద్యం కాదు. ఫార్బర్ తన ఫలితం తాత్కాలికమేనని పేపర్ శీర్షికలోనే రాసుకున్నాడు. నమ్మదగిన పరిశోధన అలా ఉంటుంది.

ఒకే చీటీలో రెండు మందులు

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాసే డాక్టర్ సాధారణంగా దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. ఒకటి కణాల జోరుకు బ్రేక్ వేస్తే, రెండోది నోటిపూత లాంటి సైడ్ ఎఫెక్ట్‌లను తగ్గిస్తుంది. రెండూ సుబ్బారావు ల్యాబ్ నుంచి వచ్చినవే. ఒక్కటి గుర్తుంచుకోండి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. గర్భిణులు అసలు వాడకూడదు.

మరి నోబెల్ ఎందుకు రాలేదు? హార్వర్డ్‌లో పేరు ఫిస్కే వెనకాలే ఉండిపోయింది. లెడర్లీలో పని టీమ్ పేరుతో జరిగింది. చాలా పేపర్లపై తన పేరు కంటే కింద పనిచేసినవాళ్ల పేర్లే ముందుండేవి. మందుల అసలు సత్తా లోకానికి తెలిసేసరికి మనిషే లేడు. చనిపోయినవాళ్లను నోబెల్‌కు ఎంపిక చేయరు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం ఓ తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆయన్ను ఒంటరి మేధావిగా చూపిస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. బొంబాయి మిల్లు కూలీల రక్తం పరీక్షించిన లూసీ విల్స్, అమినోప్టెరిన్ చేసిన డోరిస్ సీగర్, క్యూబా డాక్టర్లు, ప్యూర్టోరికో పేషెంట్లు, బోస్టన్‌లో తమ పిల్లలకు కొత్త మందు ఇవ్వడానికి ఒప్పుకున్న తల్లిదండ్రులు.. వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా మందు మంచం దాకా వచ్చేది కాదు. వీళ్ల పనినంతా ఒక దారిలో పెట్టడమే సుబ్బారావు చేసిన అసలు పని.

ఇప్పుడు ట్రాపికల్ స్ప్రూ వస్తే డాక్టర్లు ఏం రాస్తారో తెలుసా? ఫోలిక్ యాసిడ్. దాంతో పాటు కొన్ని నెలలు టెట్రాసైక్లిన్ కుటుంబం యాంటీబయాటిక్. ఒకటి సుబ్బారావు టీమ్ తయారుచేసింది. రెండో దాని కుటుంబంలో మొదటిది ఆయన పెట్టుకున్న డగ్గర్‌కు మట్టిలో దొరికింది. ఇద్దరు అన్నదమ్ముల్ని రోజుల తేడాలో పొట్టనపెట్టుకున్న రోగం ఇవాళ మాత్రలతో తగ్గిపోతోంది.